పన్నెండు బుట్టల సారె

ఇరవై ఆరు కాగితాల్లోనూ ఒకటే సారె.

శ్రీరామచంద్రమూర్తి వాటిని మిగతా కాగితాల్లోంచి విడదీసి, స్టాఫ్ రూములో తన బల్ల మీద పరుచుకుని, మళ్ళీ మొదటినుంచీ చదివాడు. కొత్తపేటలో పుట్టింటివాళ్ళు నర్సాపురంలో ఉన్న అమ్మాయికి సారె పంపుతున్నారు. పన్నెండు బుట్టలు. అన్నీ ఒక బస్సులో పట్టవు. కొన్ని రావులపాలెం మీదుగా వెళ్ళాయి. కొన్ని రాజోలు మీదుగా సఖినేటిపల్లి రేవుకి చేరి, పంటు ఎక్కి గోదావరి దాటాయి. ప్రతి బుట్ట మీదా వియ్యాలవారి ఇంటిపేరు, పన్నెండింటిలో అది ఎన్నోదో అంకె రాసి ఉన్నాయి. వెనక బయల్దేరింది ముందు చేరింది, అయినా ఎవరూ కంగారుపడలేదు, అంకెలు చూసి వరసగా పేర్చుకున్నారు. ఏడోది రాలేదు. ఏడోది ఒక్కటీ మళ్ళీ పంపమని కబురు పెట్టారు.

ఒకళ్ళు అరిసెలన్నారు, ఒకళ్ళు పూతరేకులన్నారు, ఒకడు ఏకంగా పనసపళ్ళు పెట్టాడు. కానీ బుట్టలు పన్నెండే, రానిది ఏడోదే.

నెట్‌లో సందేశాలు ఎలా ప్రయాణిస్తాయో చెప్పే నాలుగో రీడింగు చదివి, అర్థమైంది సొంత మాటల్లో ఒక పేజీ రాయమంటే పిల్లలు రాసి తెచ్చింది ఇది. అసలు వ్యాసంలో సారె ఊసే లేదు. పంపే సందేశాన్ని ముక్కలు చేస్తారనీ, ముక్కలు తలోదారిన పోయి అవతల మళ్ళీ కూడుకుంటాయనీ, ఎనిమిది పేజీల ఇంగ్లీషులో బొమ్మలేసి చెప్పారు, అంతే.

మూర్తి ఇరవై తొమ్మిదేళ్ళు ఫిజిక్సు చెప్పినవాడు. రెండేళ్ళుగా ఆ కాలేజీలో ఫిజిక్సులో చేరేవాళ్ళు లేకుండా పోయారు. "రిటైరవడానికి మూడేళ్ళేగా మాస్టారూ, ఈలోగా ఫస్టియర్ వాళ్ళకి ఐటీ పరిచయం చెప్పండి, పుస్తకం చూసి చెప్పేదేగా" అని ప్రిన్సిపాల్ ఆ కోర్సు ఆయన చేతిలో పెట్టారు. పుస్తకం లేదు. సిలబస్‌లో ఎనిమిది రీడింగులున్నాయి. వారానికొకటి పిల్లలు చదవాలి, ఒక పేజీ రాయాలి, ఈయన దిద్దాలి.

నాలుగోదాన్ని ఆయన ఇంటి దగ్గర నాలుగుసార్లు చదివాడు. ఒక్కటిగా పోయేదాన్ని ముక్కలు చెయ్యడం ఎందుకో ఎంత చదివినా మనసుకెక్కలేదు. ఎవరినైనా అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. క్లాసులో బొమ్మలు చూపించి, గబగబా చెప్పి బయటపడ్డాడు. తీరా ఇప్పుడు, మూడో కాగితం దిద్దుతూ ఏడో బుట్ట దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. అవును కదా! అంతా ఒకే గంగాళంలో పెట్టి పంపితే, అది దారిలో పోతే సారె మొత్తం మళ్ళీ వండుకోవాలి. బుట్టలైతే పోయింది ఒక్కటే పంపచ్చు.

ఆ క్షణాన ఆయనకి ప్రాణం లేచొచ్చింది. తర్వాత నాలుగో కాగితం తీశాడు. అందులోనూ సారె. అయిదోదాంట్లోనూ సారె. పదోది వచ్చేసరికి సంతోషం పోయి చెవులు వేడెక్కాయి. తనకి అర్థంకానిది ఈ పిల్లలకి ఎవరో విప్పి చెప్పారు. చెప్పి, రాయించారు. తన వెనకాల ఇంకెవరో క్లాసు నడుపుతున్నారు.

కంప్యూటర్ ల్యాబ్ చూసే భీమరాజు భోజనానికొచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏఐ చేత రాయించుకున్నారేమోనండి," అన్నాడు మూర్తి, కాగితాలు చూపించి.

భీమరాజు ఎడంచేత్తోనే ఫోన్ తీసి ఆ ఏఐనే అడిగి చూశాడు. "పోస్టాఫీసంటోంది, రైలుపెట్టెలంటోంది. మన సారెలు దానికేం తెలుస్తాయండీ?" అని నవ్వాడు. "ఎవరిదో గానీ మాస్టారూ, మహా బాగా చెప్పేరండి. ల్యాబ్‌లో నేనూ వాడుకుంటాను."

ఆ నవ్వు మూర్తికి నచ్చలేదు. భీమరాజుకి పలివెల రోడ్డులో మేడ మీద ట్యూషనుంది. ఐటీ కోర్సు తనకే వస్తుందని ఆయన ఆశపడ్డాడని నలుగురూ అనుకున్నదే. పైగా ఆయన అత్తవారిది నర్సాపురం! ఆ ఊరిపేరు తట్టాక మూర్తికి ఇంక అన్నం సహించలేదు. క్యారేజీ మూత పెట్టేశాడు.

మర్నాడు క్లాసయ్యాక సత్యప్రియని ఆగమన్నాడు. ఆలమూరు నుంచి రోజూ బస్సులో వచ్చే పిల్ల, క్లాసులో అందరికంటే బాగా రాసేది.

"ఇది నువ్వే రాసేవా?"

"ఆయ్, నేనే రాసేనండి."

"ఈ సారె గోలేంటి? ఎవరు చెప్పేరు?"

సత్యప్రియ బ్యాగు తాడు వేలికి చుట్టుకుంది. "సారెలు అందరికీ తెలిసినవే కదండీ, సార్."

"పన్నెండు బుట్టలని అందరికీ తెలుసా? ఏడోదే పోతుందని తెలుసా?"

ఆ పిల్ల తలొంచుకుంది. ఎంత గుచ్చి అడిగినా మరి నోరు విప్పలేదు. ఇంతమంది కలిసి ఒక మాట దాస్తున్నారంటే వెనక పెద్దవాళ్ళెవరో ఉండే ఉంటారని మూర్తి రూఢి చేసుకున్నాడు. ఆ రోజునుంచీ తను వరండాలోకి రాగానే పిల్లలు మాటలాపేస్తున్నట్టు, తన చేతిలో కాగితాలవైపు చూసి కళ్ళతో ఏదో చెప్పుకుంటున్నట్టు అనిపించసాగింది.

అలా అనుకుంటూనే ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఈ కాగితాలు రాసిన బీఎస్సీ వాళ్ళకంటే బీకాం సెక్షను వాళ్ళు పాఠంలో ఒక వారం వెనకున్నారు. వాళ్ళకి నాలుగో రీడింగు చెబుతూ, బొమ్మలు పక్కన పెట్టి, "ఉదాహరణకి, మనం ఆడపిల్లకి సారె పంపుతున్నాం అనుకోండి," అని ఎత్తుకున్నాడు. తనకి అప్పుడే తట్టినట్టు చెప్పాడు. చెబుతుంటే హాయిగా కూడా ఉంది.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "నర్సాపురమేనాండి, సార్?" అంది.

క్లాసంతా గొల్లుమంది. మూర్తికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. బెల్లు కొట్టకుండానే డస్టరు పట్టుకుని బయటికొచ్చేశాడు.

దొంగని పట్టుకు తీరాలనుకున్నాడు. బావమరిది గృహప్రవేశానికి భీమరాజు మూడు రోజులు సెలవు పెట్టాడని తెలిసి, సరిగ్గా సెలవు మొదలైన రోజే అయిదో రీడింగు ఇచ్చి, రెండో రోజుకల్లా రాసి తెమ్మన్నాడు. ఒకచోట దాచిన వివరాల్లో ఒక్కొక్క మనిషికీ ఒక్కొక్క నంబరు ఎందుకుండాలో చెప్పే వ్యాసం అది. ఈసారి ఇరవై ఏడు కాగితాల్లో ఒకే వీధిలో ఇద్దరు భూలక్ష్మిలున్నారు. ఒక భూలక్ష్మి రేషను బియ్యం రెండో భూలక్ష్మి తీసుకుపోయింది. కార్డు నంబరు చూసి ఉంటే ఆ గొడవ జరిగేది కాదు.

నర్సాపురం నుంచి ఫోన్లో చెప్పి ఉంటాడా? ఆ మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. ఇంటికెళ్ళి రెండు వారాల కాగితాలూ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూశాడు. సారె రాసినవాళ్ళే దాదాపు అందరూ భూలక్ష్మిని రాశారు. రాయనివాళ్ళు రెండుసార్లూ ఆ పద్నాలుగు, పదిహేనుమందే. వాళ్ళలో తేడా ఏమిటి? మర్నాడు అటెండెన్సు పిలుస్తూ, ఏదో మామూలుగా అడిగినట్టు, రీడింగు ఎక్కడ చదివారని ఒక్కొక్కరినీ అడిగాడు. సారె లేనివాళ్ళు ఫోన్లో చదివామన్నారు. ఉన్నవాళ్ళు కాగితం మీద చదివామన్నారు.

కాగితాలు దొరికేది ఒక్కచోటే. కాలేజీ గేటుకెదురుగా, రాహేలు జిరాక్స్ షాపులో. ప్రతి వారం ఒరిజినల్ అక్కడ ఇచ్చి వచ్చేది తనే.

రాహేలుకి నలభైలోపే ఉంటుంది. భర్త సాలమోను ఖతార్‌లో డ్రైవరు. అయిదేళ్ళుగా ఆ షాపు ఒక్కతే నడుపుతోంది. మాట తక్కువ. ఇచ్చిన కాగితాలు నలగకుండా తిరిగిస్తుంది. అంతకుమించి ఆమె గురించి మూర్తికేమీ తెలియదు. భీమరాజే కాగితాల మధ్య జవాబులు పెట్టించి అమ్మిస్తున్నాడా, లేక ఆ షాపు చాటున ఇంకెవరైనా ఉన్నారా? ఎలాగైనా గూడు అక్కడుంది. ఇరవై ఏడుగురికీ సున్నాలు వేసి, తిన్నగా ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాడు.

ప్రిన్సిపాల్ సగం విని, "మన పేరు పాడవుద్దండీ మాస్టారూ," అని అటెండరుని పిలిచారు. మధ్యాహ్నానికి బోర్డు మీద నోటీసు పడింది: ఎదురు జిరాక్స్ షాపులో అసైన్‌మెంట్లకి జవాబులు అందిస్తున్నట్టు తెలిసింది, విద్యార్థులెవరూ అక్కడికి వెళ్ళరాదు. కాలేజీ పనులు కూడా బస్టాండు దగ్గర ఇంకో షాపుకి మార్చేశారు. రాహేలుని పిలిచి అడిగినవాళ్ళు లేరు. మూర్తికి ఆ తొందర కొంచెం తేడాగా తోచింది గానీ, రుజువు చేతికొస్తే అన్నీ సర్దుకుంటాయిలే అనుకున్నాడు.

రుజువు కోసమే రెండు రోజుల తర్వాత వెళ్ళాడు. జల్లు పడుతోంది. నోటీసు పడ్డాక పిల్లలు ఎదురుగా రావడం మానేసి పక్క సందులోంచి వస్తున్నారని అటెండరు చెప్పాడు. మూర్తి ఆ సందులోనే, టిఫిను కొట్టు రేకుల కింద గొడుగు ముడుచుకుని నిలబడ్డాడు. తడికవతల జిరాక్స్ మిషను చప్పుడు, మధ్యలో సత్యప్రియ గొంతు వినిపించాయి.

"ఫైలు డిలీట్ చేసినా అక్కడే ఉంటదంటాడేంటక్కా? తీసేసేక ఎలా ఉంటది?"

"హాజరు పట్టీలో నీ పేరు కొట్టేసేరనుకో," అంది రాహేలు. "నువ్వు గాల్లో కలిసిపోతావేంటి? ఆ బెంచీ మీదే కూచునుంటావు. మాస్టారు నీ పేరు పిలవరు, అంతే. ఇంకో పిల్లని తెచ్చి నీ చోట్లో కూచోబెట్టేదాకా నువ్వక్కడే. ఇదీ అంతేనంట. పట్టీలోంచి పేరు తీసేస్తాడంతే."

"ఇంకో పిల్ల వచ్చేస్తే?"

"అప్పుడు నిజంగానే బయటికి."

పిల్లలు నవ్వారు. "ఇది రాసుకోమా అక్కా?"

"వద్దు. నేను చెప్పింది చెప్పినట్టు రాసి సున్నాలు తెచ్చుకున్నారు. మీ సొంతంది ఇంకోటి ఆలోచించుకోండి. తట్టకపోతే మళ్ళీ చదవండి."

జవాబుల కట్ట లేదు, భీమరాజు లేడు. ఆరో రీడింగు ఒరిజినల్ మూర్తి నోటీసు పడకముందే ఇక్కడ ఇచ్చాడు, పాఠం పొద్దునే చెప్పి వచ్చాడు. హాజరు పట్టీ సంగతి వినేదాకా, డిలీట్ చేసినది ఎందుకుంటుందని తనని ఎవరైనా అడిగితే ఏం చెప్పేవాడో ఆయనకే తెలియదు.

తడిక పక్కకి జరిపి లోపలికి వెళ్ళాడు. పిల్లలు ముగ్గురూ ఆయన్ని చూసి, కాగితాలు చున్నీల్లో దాచుకుని వానలోకి పరిగెత్తారు. రాహేలు మిషను ఆపింది. అరలోంచి ఒరిజినల్స్ ఉన్న అట్ట తీసి, ఆయన ముందే పేజీలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి చేతికిచ్చింది.

"వీటికోసమే కదండీ వచ్చేరు? అన్నీ ఉన్నాయి, చూసుకోండి."

"కాదమ్మా." ఆయన అట్ట కౌంటరు మీద పెట్టేశాడు. "ఇవన్నీ నువ్వు చదువుతావా?"

"పేజీలు తిరగబడకుండా చూసుకోవాలి కదండీ. పాతిక కాపీలు తీస్తే పాతికసార్లు ఒకే పేజీ కళ్ళముందునించి పోద్ది. ఎంతో కొంత ఎక్కుద్ది. ఎక్కని మాటలు ఫోన్లో చూసుకుంటాను." మిషను మూత వేసి, "ఇంటర్లో చదువు ఆగిపోయిందండి. చదవడం ఆగలేదు," అంది.

"ఆ సారె..."

రాహేలు కౌంటరు మీద పడ్డ చినుకులు గుడ్డతో తుడిచింది.

"మా నాన్న పేరు దానమండి. మా ఊళ్ళో ఓ పెద్ద రైతు గారింటి సారెలు ఆయనే మోసేవోడు. ఓసారి నర్సాపురం పన్నెండు బుట్టలు. ఆయనా, మా చిన్నాన్నా చెరో దారిలో తీసుకెళ్ళేరు. చేరేక చూస్తే పదకొండే ఉన్నాయి. ఎవడు తినేసేడని మా నాన్నని మర్నాడు మధ్యాహ్నం దాకా వాళ్ళ అరుగు కింద కూచోబెట్టేరంట. తీరా చూస్తే పాలకొల్లులో కండక్టరు దింపేసేడండి దాన్ని. మర్నాటి బస్సులో అదే వచ్చింది. అప్పుట్నించీ మా నాన్న సుద్దతో ప్రతి బుట్ట మీదా అంకె వేసేవోడు. ఏది రాలేదో అంకె చెప్పాలి గానీ మనిషిని అడక్కూడదనేవోడు." ఆమె గుడ్డ మడతపెట్టింది. "మొదటి మూడు రీడింగులూ చదివి ఊరుకున్నానండి. నాలుగోది చదువుతుంటే ఆయనే కళ్ళముందుకొచ్చేడు. ఉండబట్టలేక ఆ పిల్లలతో అనేసేను. ఇంత గొడవవుద్దనుకోలేదు."

బయట వాన పెద్దదైంది.

"నేను జవాబులమ్ముతున్నానని ఎవరో మాస్టారు చెప్పేరంటండి," అంది రాహేలు, ఆయన మొహంలోకి సూటిగా చూస్తూ. "ఎవరో మీకు తెలుసాండి?"

ప్రిన్సిపాల్ పేరు చెప్పచ్చు. అటెండరు పేరు చెప్పచ్చు. తెలీదనచ్చు. ఆ మూడూ మూర్తి నాలిక చివరిదాకా వచ్చాయి.

"నేనే," అన్నాడు.

"ఆయ్," అంది రాహేలు. అంతే. మిషను మళ్ళీ ఆన్ చేసింది. తెల్లవెలుగు అటూ ఇటూ తిరుగుతుంటే ఆయన వానలోకి నడిచాడు. గొడుగు విప్పాలన్న ధ్యాస కూడా లేకపోయింది.

మర్నాడు ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు. "పెట్టిన నోటీసు తీసేస్తే మనది తప్పని మనమే చాటినట్టుంటుందండీ."

"తప్పేనండి. నాది. అదే రాసిస్తాను." అక్కడే కూర్చుని తెల్లకాగితం మీద రాసిచ్చాడు. ఆ షాపులో ఎవరూ జవాబులు ఇవ్వలేదని, తను విచారించకుండా ఫిర్యాదు చేశానని. ప్రిన్సిపాల్ దాన్ని సొరుగులో పెట్టుకున్నారు. నోటీసు తీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. తీసేసిన సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. పిల్లలే చూసుకున్నారు. కాలేజీ పనులు ఆ తర్వాత వారానికి గానీ తిరిగి రాహేలు దగ్గరికి రాలేదు.

బీఎస్సీ క్లాసులో సున్నాలు కొట్టేసి మార్కులు వేశాడు. బీకాం క్లాసులో నిలబడి, "సారె ఉదాహరణ నాది కాదు. ఎదురు షాపు రాహేలు గారిది. నాకు నాలుగో రీడింగు అర్థమైంది కూడా ఆవిడ మాటలతోనే," అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. భీమరాజుకి మాత్రం ఏమీ చెప్పలేకపోయాడు. ఆయన ఎప్పటిలాగే క్యారేజీలోంచి ఆవకాయ తీసి ఈయన కంచంలో వేస్తుంటే మూర్తి తలెత్తకుండా తినేవాడు.

రాహేలు మాత్రం ఆ రోజునుంచీ పిల్లలకి ఒక్క ముక్క చెప్పలేదు. "కాపీ తీసుకోండి, వెళ్ళండి," అనేది. సత్యప్రియ బతిమాలినా వినలేదట. మూర్తి ఒరిజినల్ ఇస్తే తీసుకునేది, ఎన్ని కాపీలో అడిగేది, ఇంక తలెత్తేది కాదు. క్షమించమని ఆయన ఒకసారి అన్నాడు. "మిషను చప్పుడులో వినపడలేదండి," అంది. రెండోసారి అనడానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

దసరా సెలవులయ్యాక ఏడో రీడింగు ఇచ్చాడు. ఇతరులు చదవకుండా సందేశాలకి తాళం వేసే పద్ధతి గురించి. మూడో రోజు సాయంత్రం ఆయన గేటు దాటుతుంటే ఎదురుగా పిలుపు వినబడింది.

"మాస్టారండీ, ఒక్క నిమిషం."

వెళ్ళాడు. రాహేలు వ్యాసంలో నాలుగో పేజీ తెరిచి, ఒక పేరా కింద వేలు పెట్టింది. మొహం ముభావంగానే ఉంది.

"తాళం వేసే చెవి ఊరందరికీ ఇచ్చేస్తాడంటండి. తీసే చెవి తన దగ్గరొకటే ఉంచుకుంటాడంట. వేసిన చెవితో తియ్యలేకపోతే అదేం తాళమండి? నాలుగు రోజుల్నించి చూస్తున్నాను. ఎక్కట్లేదు."

మూర్తి కళ్ళజోడు సర్దుకుని ఆ పేరా చదివాడు. మళ్ళీ చదివాడు. "ఇందులో సగం నాకూ తెలీదమ్మా. కానీ దీనికింద లెక్కలున్నాయి. ఆ లెక్క కొంచెం తెలుసు." కౌంటరు మీద పాడైన కాపీ ఒకటుంటే తిరగేసి, పెన్ను తీసి, పెద్ద అంకెల్లో 3233 అని వేశాడు. "రెండు అంకెలు గుణించేను, ఇదొచ్చింది. గుణించడం నాకు అరనిమిషం. ఆ రెండూ ఏంటో నువ్వు చెప్పాలంటే ఎంతసేపు పడుతుందో చూడు. వేసేవాడికి తేలిక, ఆ రెండూ తెలీకుండా తీసేవాడికి కష్టం. అలాంటి తేడా మీద కట్టేరు ఈ తాళాన్ని."

రాహేలు ఆ కాగితం తనవైపు తిప్పుకుంది. మూడుతో భాగించింది, పోలేదు. ఏడుతో భాగించింది. పదకొండుతో మొదలుపెట్టింది. ఇద్దరు పిల్లలు ఆధార్ కార్డులు పట్టుకుని కాపీల కోసం వచ్చి నిలబడితే, చూడకుండానే ఆగమని చెయ్యి చూపించింది.

"చిన్నది ఎంతో చెప్పనా?" అన్నాడు మూర్తి.

"చెప్పకండి," అంది ఆమె, పదమూడుతో భాగిస్తూ. "ఆ స్టూలు లాక్కుని కూచోండి."